ఊట

పామూరు రోడ్డులో పొగాకు గోడౌను దాటాక
మా షెడ్డు.
ముందర ఇసుకంతా నల్లటి మచ్చలు.
ఏ మచ్చ ఏ బండిదో
అడిగితే చెప్తాను.

ఆ పొద్దు మచ్చ నాంచారమ్మది.
వలేటివారిపాలెం ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సు,
రిటైరయింది గానీ
తెల్ల మారుతి స్టీరింగు వదల్లేదు.

"పొగ లేదు, మోత లేదు,
నూనె మాత్రం తాగతా ఉండాది అబ్బాయా.
ఒంగోల్లో ఒకడు సీలు మార్చాడు,
సింగరాయకొండలో ఇంకొకడు.
నాలుగు నెల్లకి మళ్ళీ మొదలు."

కిందికి దూరాను.
ఇంజనుకీ గేరుబాక్సుకీ నడిమి సందులో
ఒక బొట్టు
రాలనా వద్దా అని ఊగతా ఉంది.
వెనక సీలు పోయింది, అంతే గదా.
నేనూ అనేవాణ్ణే,
పదహారో ఏట గౌస్ మేస్త్రి మొట్టికాయ
నా నెత్తిన పడకపోయుంటే.

"కారే చోటు చూడబాక.
తడి యాడ మొదలైందో చూడు.
నూనె కిందికి జారద్ది, గాలికి వెనక్కి పోద్ది.
బొట్టు అబద్ధాలకోరు రా."

కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్ది
గాలి కొట్టి ఆరబెట్టి
మా పాప పౌడరు డబ్బా తెచ్చి చల్లాను.
ఇంజను
బడికి తయారైన పిల్లోడిలా ఉంది.

మాలకొండ మలుపు దాకా పోయొచ్చాం.
తోలింది ఆమే.
మూడో గేరుకు పోదు, అదేం మొండితనమో.

వచ్చి టార్చి వేస్తే
పౌడరు మీద ఒకటి కాదు,
పైన మూత అంచున ఒక చార,
ముందు పుల్లీ దగ్గర ఇంకోటి,
వెనక సరేసరి.
ఇన్ని చోట్ల ఒక్కసారే చెడవు.
లోపల ఎవరో నెడతా ఉండారు.

ఆయిలు పోసే మూత తీసి
ఇడ్లీ పొట్లం కవరు కట్టాను.
పూరీలా పొంగింది.

ఊపిరి పైపు వెతికితే
ఊడి పక్కకి వేలాడతా ఉంది,
ఎవరు పీకి మళ్ళీ పెట్టలేదో.
దాని నోట్లో ఎర్రమట్టి.
నాంచారమ్మ జడపిన్నుతో పొడిస్తే
కందిరీగ గూడు, గదులు గదులుగా,
ఒక గదిలో ఎండిన సాలీళ్ళు,
ఒక గదిలో తెల్ల పురుగు.

"దీనికి కూడా పురుడు నేనే పొయ్యాలా?"
అంది.

గాలి పోయే దారి లేక
లోపలి వేడి ఊపిరి
మెత్తగా ఉన్న చోటల్లా నెట్టుకుని బయటికొచ్చింది.
రెండు సీళ్ళు ఊరికే నిందపడి పోయాయి.

అయినా గేరుబాక్సు దించక తప్పలేదు.
పాత సీలు పెదవి
గాజుముక్కలా గట్టిపడింది.
దాని కింద షాఫ్టు మీద సన్నటి మెరుపు గీత,
గోరు పెడితే తగులుతుంది.
పద్దెనిమిదేళ్ళు రాసుకుని రాసుకుని
రబ్బరు ఇనుమును కోసింది.
ఎన్నిసార్లు చూసినా
నాకు నమ్మబుద్ధి కాదు.

కొత్త సీలును అడుగంటా దించలేదు,
గీత మీద కాకుండా
నున్నటి చోట పెదవి ఆనేట్టు
వెంట్రుకవాసి బయటికి ఆపాను.
పెదవికి వేలితో నూనె రాసి,
స్ప్రింగు లోపలి వైపుకి,
పైపు ముక్క ఆనించి
చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న దెబ్బలు.
ఒకవైపు దిగి ఒకవైపు లేస్తే
మళ్ళీ మొదటికి.

"పైపుకెంత?"
"పైపుకేం లేదమ్మా, కడిగి పెట్టాను."
"మరి గూడు కనిపెట్టినందుకు?"
గౌస్ మేస్త్రి ఉంటే చెప్పేవాడు.
నేను గేరుబాక్సు దించిన కూలే రాసుకున్నాను.

తెల్లారి మళ్ళీ మాలకొండ మలుపు.
వచ్చి ఆగిన కారు కింద
పేపరు పరిచి చూస్తా ఉంటే
టప్పున ఒక బొట్టు.
ఆమె నావైపు చూసింది.
నేను వేలు తడిపి, వాసన చూసి,
నాలిక మీద పెట్టుకున్నాను.

ఏసీ నీళ్ళు.

ఆమె నవ్వలేదు,
కొంగుతో అద్దం తుడిచి రెండో గేరులోనే పోయింది.
ఇసుకలో ఆ పాత మచ్చ మాత్రం
అట్టనే ఉంది.
దానికి వాన పడాలి.